కాశీలో వదిలిన కుర్చీ

నవంబర్ 21

ఈ డైరీని మందుల షాపువాడు జనవరిలో ఇచ్చాడు. ఇన్నాళ్లూ ఖాళీగానే పడి ఉంది. రాసుకునేంత పని నేనేదీ చేయలేదు. ఇప్పుడు చేశాను కాబట్టి మొదలుపెడుతున్నాను. ముందు పేజీలన్నీ తెల్లగా ఉండటం చూస్తే, పిల్లవాడి పరీక్ష పేపరు గుర్తొస్తోంది.

నిన్న కాశీ నుంచి దిగాం. మేడ్చల్ గాలి ముక్కుకు తగలగానే ప్రాణం లేచొచ్చింది, అందులో సగం లారీల పొగే అయినా.

కాశీకి వెళ్లినవాడు గంగలో మునిగి, తనకు ఇష్టమైన కాయో పండో ఆకో ఒకటి అక్కడ వదిలేసి రావాలి. మళ్లీ జన్మలో దాన్ని ముట్టకూడదు. పెద్దలు పెట్టిన నియమం మంచిదే. కానీ మనవాళ్లు నియమం పుట్టిన నాడే దానికో సందు కూడా కనిపెడతారు. మా భజన మండలి నుంచి వెళ్లినవాళ్లలో ఒకాయన కాకరకాయ వదిలాడు. ఆయన వెనకాల ఇంకొకాయన, ఆయన కూడా కాకరకాయే. దుర్గాబాయి పొట్లకాయ వదిలింది. పొట్లకాయను చూస్తే ఆమెకు పాము గుర్తొస్తుందని మేడ్చల్లో తెలియనివాళ్లు లేరు. ఇన్ని వందల ఏళ్లుగా మనవాళ్లు వదిలిన కాకరకాయలన్నీ ఒకచోట పోస్తే శామీర్‌పేట చెరువు నిండి అలుగు పారుతుంది.

నేను మాత్రం ఎందుకు తక్కువ తినాలి? సొరకాయ అనుకుని వెళ్లాను. చిన్నప్పటి నుంచీ నాకు సొరకాయ అంటే పడదు.

నా ముందు ఎల్లేష్ ఉన్నాడు. శామీర్‌పేటలో చేపలు పట్టి, ట్రాలీ ఆటోలో ఊరూరా తిరిగి అమ్ముకునే మనిషి. భజనలో డోలక్ వాయిస్తాడు. వాడు మునిగి లేచి, ముఖం తుడుచుకుని, "కొర్రమట్ట" అన్నాడు. కొర్రమట్ట ముక్క లేనిదే ఆదివారం ఆదివారంలా లేదనే మనిషి! ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. మా వెంకటరామయ్య పంతులుగారికి ఒక క్షణం మంత్రం తప్పింది.

తర్వాత నా వంతు. సొరకాయ నాలుక చివరి దాకా వచ్చింది. చేప వదిలినవాడి వెనకాల నిలబడి సొరకాయ అని ఎలా అనడం?

"కుర్చీ" అన్నాను.

"ఏమిటండీ?" అన్నారు పంతులుగారు.

"కుర్చీ. ఇగ సచ్చేదాక కుర్చీల కూసోను."

పడవవాడు కూడా తిరిగి చూశాడు. ఆ క్షణంలో నాకు నేనే ఎత్తుగా కనిపించాను. నడుము లోతు నీళ్లలో నిలబడిన నా భార్య బాలనర్సమ్మ వైపు చూశాను. ఆమె కూడా చూసింది. కొత్త గుడ్డను తలకిందులుగా కత్తిరించిన దర్జీని గిరాకీ చూసినట్టు చూసింది.

తర్వాత ఆమె కూడా కళ్లు మూసుకుని ఏదో వదిలింది. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఏం వదిలావంటే, "చెప్తే ఫలం పోతది" అంది. అలాంటి నియమం ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

నవంబర్ 22

కుర్చీ సంగతి రాయాలి.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా నాయిన కట్టిన ఇల్లు పోయింది. మిగిలింది తలుపు చౌకట్టు ఒక్కటే. అసలైన టేకు. దాంతో అబ్రహాం ఈ కుర్చీ చేశాడు. అబ్రహాం మా వెనక వీధిలోనే ఉంటాడు. వడ్రంగి. వాడి చొక్కాల కొలతలు నాకు నోటికొచ్చు, నా మోకాళ్ల ఎత్తు వాడికి నోటికొచ్చు. అందుకే మామూలు కుర్చీలకంటే నాలుగు వేళ్లు ఎత్తుగా, చేతులు వెడల్పుగా, చాయ్ గ్లాసు పెట్టుకునేలా చేశాడు. ఇప్పుడు వాడి చేతులు వణుకుతాయి, ఉలి పట్టడం మానేశాడు. కొడుకు గిడియోన్ ఫ్యాక్టరీ చెక్కతో వంటింటి అరలు బిగిస్తాడు. అది వేరే విద్య.

నా టైలరు దుకాణం మూసేశాక నా లోకమంతా ఆ కుర్చీలోనే గడిచింది. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితాల నుంచి మొదటి పుటలు చిరిగిపోయిన భారతం దాకా నేను చదివిందంతా అందులో కూర్చుని చదివిందే. పాండవులు ఎలా పుట్టారో నాకు చాలా ఏళ్లు తెలియదు. ఏకంగా జూదం దగ్గర మొదలుపెట్టాను.

ఇవాళ కుర్చీని హాల్లో ఓ మూలకు జరిపి, పసుపు గుడ్డ కప్పి, బంతిపూల దండ వేశాను. వదిలినదానికైనా మర్యాద ఉండాలి కదా.

"సచ్చినోళ్ల ఫోటోకేసినట్టు గా దండేంది?" అంది బాలనర్సమ్మ.

మధ్యాహ్నం సొరకాయ కూర.

నవంబర్ 24

మోకాళ్లు బాగానే ఉన్నాయి.

నవంబర్ 26

మోకాళ్ల గురించి ఈ పుస్తకంలో రాయకూడదని నిర్ణయించుకున్నాను.

కూర్చోవడం కష్టం కాదు, భూమి లాక్కుంటుంది. లేవడం దగ్గరే వస్తోంది చిక్కు. కిటికీ ఊచకు నవారు కట్టుకున్నాను. నేను ముందు నుంచి దాన్ని పట్టుకుని గుంజుకుంటాను, బాలనర్సమ్మ వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి లేపుతుంది. ఇద్దరం కలిస్తే సులువుగానే అయిపోతోంది. ఆమె తన నడుము గురించి ఏదో అంది. సరిగా వినపడలేదు.

నవంబర్ 28

పంతులుగారి ఇంటికి వెళ్లాను. కొన్ని ధర్మసందేహాలు.

"పంతులుగారూ, బస్సుల సీటు కుర్చీ కిందికి వస్తదా?"

"శాస్త్రంలో ఆకు, కాయ, పండు ఉన్నాయి గానీ ఫర్నిచర్ లేదండీ. మీరే కొత్త దారి తొక్కారు." కాసేపు ఆలోచించారు. "కదిలేది వాహనం. వాహనానికి దోషం లేదనుకుంటాను."

"మరి బాత్రూంల..."

"ఆ సంగతి కాశీలోనే ఆలోచించుకోవలసింది" అని లోపలికి వెళ్లిపోయారు.

వాహనానికి దోషం లేదన్న మాట మాత్రం పట్టుకుని ఇంటికొచ్చాను. సాయంత్రం స్కూటరుకు స్టాండు వేసి, దాని మీద కూర్చుని పేపరు చదివాను. చాలా హాయిగా ఉంది. దారిన పోయే ఈదమ్మ ఆగి, "యాడికి పోతున్నవ్ బాపూ?" అంది. "యాడికి లేదు" అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ చూసి, "ఇంక పోలేదా?" అంది.

డిసెంబర్ 2

బహదూర్‌పల్లిలో కొత్తగా లేచిన కాలనీలో ఆడవాళ్ల సత్సంగం ఉంది. దానికి పెద్ద లలితకుమారి గారు. ఎవరు చెప్పారో గానీ నా సంగతి ఆవిడ దాకా వెళ్లింది. నిరాడంబర జీవితం మీద నాలుగు మాటలు చెప్పమని పిలిచింది. గండిమైసమ్మ చౌరస్తా దాటాక ఓ ఫంక్షన్ హాలు. వేదిక మీద పెళ్లికొడుకుకు వేసేలాంటి ఎర్ర ముఖమల్ సింహాసనం వేసి పెట్టారు. నేను చేతులు జోడించి, "అమ్మా, నాకు నేల చాలు" అన్నాను. హాలంతా చప్పట్లు.

నా నేలను తయారు చేయడానికి అరగంట పట్టింది. సింహాసనం దించారు. నాలుగు పరుపులు పరిచారు. వాటి మీద తెల్ల దుప్పట్లు, రెండు పక్కలా బాలీసులు, వీపుకు ఇంకోటి. మైకు స్టాండు పొడవైపోతే పొట్టిది తెప్పించారు. నాతో పాటు మాట్లాడాల్సిన రిటైర్డ్ లెక్చరర్ గారు తన కుర్చీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మొహమాటపడి ఆయన కూడా కింద కూర్చున్నారు. పాపం, నాకంటే ఎక్కువ మూలిగారు.

మనిషికి కావలసింది చాలా కొంచెమేనని చెప్పాను. చాలాసేపు చెప్పాను. శాలువా కప్పారు. బాలీసులు కూడా ఉంచుకోమన్నారు.

నేనూ బాలనర్సమ్మా ఎల్లేష్ ట్రాలీలో తిరిగొచ్చాం. బాలీసులు కట్టేటప్పుడు వాడు, "బక్కన్నా, నీ నిరాడంబరానికి నా బండి సాల్తలేదే! ఇంకోపారి డీసీఎం లారీ మాట్లాడుకో" అన్నాడు.

బాలనర్సమ్మ పకపకా నవ్వింది.

ఇదివరకైతే ఆమె అలా ఊరుకునేది కాదు. నన్ను ఎవరేమన్నా, "మా ఆయన నోరు గట్లుంటది గని మనసు ఎన్నపూస" అని ఒక మాట అడ్డం వేసేది. దుకాణం రోజుల్లో నేను గిరాకీల మీద అరిస్తే, ఆమె వాళ్ల వెంట వీధి చివర దాకా వెళ్లి సర్ది చెప్పి వచ్చేది. కాశీ నీళ్లు పడలేదేమో.

డిసెంబర్ 5

ఆమె ఏం వదిలిందో తేల్చాలని మార్కెట్‌కు వెళ్లాను. జామకాయలు, చిక్కుడుకాయ, తోటకూర, వంకాయ, రేగుపండ్లు తెచ్చాను. అన్నీ వండింది, అన్నీ తిన్నది. జామకాయకు ఉప్పు కారం అద్దుకుని మరీ తిన్నది.

"ఏం ఎతుకుతున్నవయ్యా నా పళ్లెంల?"

"ఏం లేదు."

"దొరకది తియ్యి" అంది.

నా పళ్లెంలో సొరకాయ.

డిసెంబర్ 9

అబ్రహాం భార్య ఎలీషమ్మ వాకిట్లో తడి బండ మీద జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు. బాలనర్సమ్మ రోజూ దవాఖానకు వెళ్లి వస్తోంది. నన్ను లేపడానికి మధ్యాహ్నం ఎవరూ ఉండటం లేదు. స్కూటరు మీదే ఉంటున్నాను.

డిసెంబర్ 14

ఎలీషమ్మ ఇంటికొచ్చింది. సాయంత్రం అబ్రహాం మా ఇంటికి వచ్చాడు. నేను కింద బాలీసుకు ఆనుకుని ఉన్నాను. వాడు కూడా వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నాడు. నా ముందు ఎవరూ పైన కూర్చోవడం లేదీమధ్య.

"ఎట్లున్నది చెల్లె?"

"మంచిగనే ఉన్నదన్నా. గని డాక్టరు కిందికి కూసోవద్దన్నడు. తక్కువ ఎత్తు మంచం మీద గుడ వద్దన్నడు. ఎత్తు కుర్చీ, చేతులు గట్టిగుండాలె, గవి పట్టుకొని లేస్తుండాలె అన్నడు. గిడియోన్ ప్లాస్టిక్‌ది తెచ్చిండు. అది బండల మీద కాళ్లు సాపుతున్నది. దాన్ని జూస్తేనే భయపడుతున్నదామె." వాడి చూపు మూలనున్న పసుపు గుడ్డ మీదికి వెళ్లింది. "గా కుర్చీ నువ్వు ఎట్లాగు కూసుంటలేవు గదన్నా. ఆమె నడిచేదాక ఇస్తవా? నా చేతులిట్ల లేకుంటే ఇంకోటి చేసుకుందును."

నా నోటికి ఏం వచ్చిందో అది అన్నాను. "అది నాది గాదు తమ్మీ ఇప్పుడు. కాశీల శివునికిచ్చిన. దేవునిది ఇంకొకలకు ఇచ్చే హక్కు నాకేడిది?"

అబ్రహాం మళ్లీ మూల వైపు చూశాడు. వెటకారం ఏమీ లేదు వాడి గొంతులో. "దాంట్ల శివుడు కూసుంటున్నడా అన్నా?"

ఇద్దరం బాలనర్సమ్మ వైపు చూశాం. ఇలాంటప్పుడు ఆమె, "ఆయన గట్లనే అంటడు తమ్మీ, మోకాళ్ల నొప్పుల పరేషాన్ల ఉన్నడు. నేను పంపిస్త నువ్వు పో" అంటుంది. ముప్పై ఏళ్లుగా అబ్రహాం నాతో మాట్లాడి వెళ్లేది ఆ మాట కోసమే అనిపిస్తుంది.

ఆమె మా ఇద్దరినీ చూసి, చాయ్ పెట్టడానికి వెళ్లింది.

వాడు చాయ్ తాగాడు. మంచిగుంది అన్నాడు. వెళ్లిపోయాడు. కోపంగా వెళ్లి ఉంటే బాగుండేది.

డిసెంబర్ 15

నేను చేసింది తప్పు కాదు. వ్రతం అంటే వ్రతమే. ఇవాళ కుర్చీ ఇస్తే రేపు ఇంకేదో అడుగుతారు. అబ్రహాం అలాంటివాడు కాదు గానీ, లోకం అలాంటిది. అదీగాక బహదూర్‌పల్లి వాళ్లు వచ్చే వారం ఆ కుర్చీకి ఫోటో తీసుకోవడానికి వస్తామన్నారు.

ఎందుకైనా మంచిదని పంతులుగారిని దారిలో ఆపి అడిగాను. "ఒగలు కాశీల వదిలింది ఇంకొగలు వాడుకోవచ్చునా?"

"అదేం ప్రశ్నండీ? మనవాళ్లు వదిలిన కాకరకాయ మార్కెట్లో ఎవరూ కొనడం లేదా?"

ఆయన మంచివారే గానీ లోతు తక్కువ.

డిసెంబర్ 17

బాలనర్సమ్మ అబ్రహాం ఇంటి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ చెప్పింది. "ఎలీషమ్మ పండుకునే ఉంటున్నది. లెమ్మంటే ఏడుస్తున్నది. గిట్లనే పంటే ఛాతిల నిమ్ము జేరతదన్నడంట డాక్టరు. మళ్ల దవాఖానకే అంట."

అదంతా కుర్చీ వైపు చూడకుండా చెప్పింది. చూసి ఉంటే నేను ఏదో ఒకటి అనేవాణ్ని.

ఎలీషమ్మ నన్ను అన్నా అని పిలుస్తుంది. వాళ్ల క్రిస్మస్ కేకు నాకోసం గుడ్డు లేకుండా విడిగా చేస్తుంది. నేను గుడ్డు తింటానని ఎన్నడూ చెప్పలేదు, ఆ కేకు బాగుంటుందని.

రేపు ఆలోచిస్తాను.

డిసెంబర్ 18

ఆలోచించలేదు.

డిసెంబర్ 19

లలితకుమారి గారు నాగారంలో ఇంకో సభ పెట్టించారు. ఈసారి పరుపుల కింద చెక్కల వేదిక కూడా వేయించారు. 'త్యాగం' అనేది అంశం. మాట్లాడుతూ ఉంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. మైకు లోపం.

ఇంటికి వచ్చేసరికి మూల ఖాళీ.

పసుపు గుడ్డ నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద బంతిపూల దండ. పక్కన నేల మీద కుర్చీ కాళ్లున్న చోట నాలుగు మచ్చలు.

"కుర్చీ ఏది?"

"ఎలీషమ్మ కాడ."

"ఎవలు తీసుకపోయిండ్రు?"

"ఎల్లేష్ ట్రాలీల ఏసుకపోయిండు. నేనే ఎక్కిచ్చిన."

"చేపల ట్రాలీలనా! నా టేకు కుర్చీ!"

"నీదా?" అంది ఆమె. గొంతు కూడా పెంచలేదు. "కాశీల విడిచిపెట్టినవ్ గద? గంగల నిలవడి అందరు ఇనంగ అన్నవ్. నీదైతే నువ్వు విడువనట్టు. విడిచినవంటే నీది గానట్టు. రెంట్ల ఏదో ఒకటి చెప్పు. నేను పోయి తెస్త, లేకుంటే తేను."

స్కూటరు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. రెండింటిలో ఏది చెప్పినా నేనే ఓడిపోతున్నాను. జూదం దగ్గర నుంచి భారతం చదివినవాడికి ఈ ఆట అర్థం కావాలి.

డిసెంబర్ 20

కుర్చీ ఎలా ఉందో చూసి రావడానికి వెళ్లాను. తేవడానికి కాదు. ఒకవేళ వాళ్లే ఇస్తామంటే అది వేరే సంగతి.

ఎలీషమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో పుంటికూర. ఆకు తుంపుతోంది. ముఖం పాలిపోయింది గానీ కూర్చునే తీరు మహారాణిలా ఉంది.

"రా అన్నా! జర దూరంల కూసో. నీ కుర్చీ కొర్రమట్ట వాసనొస్తున్నది. పొద్దుగాల నుంచి గా పిల్లి నా సుట్టే తిరుగుతాంది."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. వాళ్లింట్లో ఉన్న ఇంకో ఆసనం ఆ ప్లాస్టిక్ కుర్చీ. అది నాకు నిషిద్ధం. కింద చాప మీద కూర్చున్నాను. అబ్రహాం వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎలీషమ్మ పొద్దున లేచి రెండు అడుగులు వేసిందని చెప్పాడు. అప్పుడు నేను వెళ్లిపోదామనుకున్నాను.

లేవలేకపోయాను.

వాళ్లింట్లో నవారు లేదు. వెనక నుంచి లేపడానికి బాలనర్సమ్మ లేదు. అబ్రహాం చేయి ఇచ్చాడు. ఆ చేయి వణుకుతోంది, నా బరువు దాని మీద వేయడానికి మనసు రాలేదు. ఒకసారి సగం లేచి మళ్లీ కూలబడ్డాను.

"కుర్చీ చెయ్యి పట్టుకో అన్నా" అంది ఎలీషమ్మ. "కదలది. మా ఆయన చేసింది."

పట్టుకున్నాను. నా అరచేయి ఇన్నేళ్లు రాసి రాసి నున్నగా చేసిన చోటే చేతికి దొరికింది. అటు ఆమె కూర్చుని అదిమి పట్టింది, ఇటు నేను పట్టుకుని లేచాను. కుర్చీ కిర్రుమనలేదు.

లేచాక అబ్రహాం ఎదురుగా నిలబడ్డాను. ఇలాంటప్పుడు నా తరఫున చెప్పే మనిషి కోసం అలవాటుగా వెనక్కి చూశాను. వెనక గోడ ఉంది. గోడ మీద ఏసు ప్రభువు ఫోటో.

"అబ్రహాం. ఆ దినం నేను శివుడు గివుడు అన్నది... అది శివుని మాట గాదు. నాదే. ఇయ్యబుద్ధి గాలే. గంతే."

"ఆ దినమా? చాయ్ మస్తుగుండె అన్నా ఆ దినం" అన్నాడు.

ఇంటికి వచ్చాను. బాలనర్సమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. నేను స్కూటరు మీద కూర్చోలేదు. కాసేపు నిలబడే ఉన్నాను.

"నేనే చెప్పి వచ్చిన వానికి" అన్నాను.

"ఇన్న. ఎలీషమ్మ ఫోన్ చేసింది." చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది. "నోరు తిరిగిందన్నట్టు."

అప్పుడు నాకు తట్టింది. ఎల్లేష్ ట్రాలీ దగ్గర నవ్విన నవ్వు. అబ్రహాం ఎదురుచూసిన మాట. నా పళ్లెం, ఆమె పళ్లెం చూసుకుంటూ కూర్చున్నాను ఇన్ని రోజులూ.

"నువ్వు కాశీల వదిలింది తినేది గాదు."

"గాదు."

"మరేంది?"

ఆమె నా వైపు చూడలేదు. "నిన్ను ఎనకేసుకొచ్చుడు" అంది. "నువ్వు అన్నదానికి, చేసినదానికి ఊరందరికి నేను సర్ది చెప్పుడు. అది విడిచిపెట్టిన."

"గదేంది? పంతులు ఇష్టమైంది విడవాలన్నడు గద?"

"అందుకే" అంది. "గంతకంటె ఇష్టమైంది నాకింకేమున్నది?"

చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. లేచేటప్పుడు ఒక చేయి గడప మీద, ఒక చేయి నడుము మీద పెట్టుకుని లేచింది. నవంబర్‌లో వినపడని మాట ఇవాళ వినపడింది.

డిసెంబర్ 21

బాలీసులు లలితకుమారి గారికి తిప్పి పంపాను. శాలువా కూడా ఇచ్చేద్దామనుకున్నాను. చలిగా ఉంది, ఉంచుకున్నాను. ఫోటోకు వస్తామంటే కుర్చీ ఊళ్లో లేదని చెప్పించాను. ఉత్తర ద్వారం రోజు ఉపన్యాసం ఉందట, దానికి ఎల్లేష్‌ను పిలవమన్నాను. వాడికి కబురు వెళితే, "నేనేం జెప్పాలె? కొర్రమట్ట తింటలేను గంతే గద. ఇంక బొచ్చె చేపలున్నయ్, రవ్వలున్నయ్" అన్నాడట.

డిసెంబర్ 25

అబ్రహాం ఇంట్లో క్రిస్మస్. చర్చి వాళ్లు వచ్చి పాటలు పాడారు. ఎలీషమ్మ నా కుర్చీలో (రాసేశాను, ఉండనీ) కొత్త చీర కట్టుకుని కూర్చుంది. అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వాకిలంతా. నేను చాప మీద.

బాలనర్సమ్మను ఎవరో చేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. నేను కింద నుంచి చూస్తున్నాను. ఆమె పాదాలు నేలకు ఆనడం లేదు, చిన్నపిల్లవి లాగా గాలిలో ఉన్నాయి. ఆమె కుర్చీలో కూర్చోగా చూసింది నాకు గుర్తు లేదు. ఈ మేడ్చల్లో సగం మందికి కొలతలు తీశాను. మా ఇంట్లో ఆమె కొలతకు పీట కూడా లేదు.

పాటలు అయ్యాక లేవాలి. అలవాటుగా ఆమె వైపు చేయి చాచాను.

"నా నడుము సక్కగ లేదు. ఇంకొకలను అడుగు" అంది.

"ఏమని అడగాలె?"

"లేపమని. నోరు తిరిగింది గదా."

అందరూ వినేలా అడిగాను. "జర లేపుండ్రి బిడ్డా. మోకాళ్లు నొస్తున్నయి." వాకిట్లో పాటలు పాడినవాళ్లంతా వచ్చారు. అంతమంది అక్కర్లేదు. వద్దనలేదు.

గుడ్డు లేని కేకు రెండు ముక్కలు తిన్నాను. గుడ్డు తింటానని ఈసారి కూడా చెప్పలేదు. అన్నీ ఒకేసారి వదలలేం.

డిసెంబర్ 28

గిడియోన్‌ను పిలిపించి బాలనర్సమ్మ కొలతకు ఒక కుర్చీ చేయమన్నాను. ఫ్యాక్టరీ చెక్కతోనే. ఎత్తు నేనే కొలిచి ఇచ్చాను, నా పాత టేపుతో. అబ్రహాం పక్కన నిలబడి చూసి, ఒక వేలు తగ్గించమన్నాడు.

మధ్యాహ్నం ఎల్లేష్ చేపలమ్ముకుని పోతూ వచ్చాడు. భోజనానికి కూర్చోమన్నాం. సొరకాయ కూర. వాడు ఒక ముద్ద పెట్టుకుని, "గిదేంది వదినా! ఉప్పు కాశీల విడిచిపెట్టినవా?" అని పెద్దగా నవ్వాడు.

నేను కూడా తిన్నాను. ఉప్పు నిజంగానే లేదు.

"ఏందిరా నీ నవ్వు?" అన్నాను. "పొద్దుగాల నుంచి ఎలీషమ్మ కాడికి, ఇంటికి తిరుగుతున్నది. నడుం నొప్పి ఉన్నది. ఒక్క పూట ఉప్పు యాది మరిస్తే ఏమైతది? మా నర్సమ్మ చేతి కూర ఉప్పు లేకున్న మంచిగనే ఉంటది. సప్పుడు జేయకుంట తిను."

వంటింట్లో గంటె చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఇంకో రెండు గంటెల సొరకాయ నా పళ్లెంలో పడింది. తిన్నాను. ఒకరు కాశీలో వదిలింది ఇంకొకరు తీసుకోవచ్చా అని ఈసారి పంతులుగారిని అడగలేదు.